లిఫ్టులో నాణెం

మొదటిసారి ఆగిపోయినప్పుడు
నేనింకా వంతెన మీదే ఉన్నాను,
గుర్రం ముందుకాళ్లు గాలిలో ఉన్నాయి.
తెర నల్లబడింది. ఫ్యాన్లు ఒక్క ఊపిరి పీల్చి
మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలెట్టాయి,
ఏమీ ఎరగనట్టు.

ఈ పెట్టెను నేనే పేర్చుకున్నాను.
టైర్ల కొట్లో పదకొండు నెలల జీతం.
ప్రాసెసర్ కొత్తది, గ్రాఫిక్స్ కార్డు ఎవరో వాడి వదిలింది,
పవర్ సప్లై మాత్రం త్బిలిసీ పాత సామాన్ల బజారులో
కార్బ్యురేటర్ల పక్కన, దుప్పటి మీద దొరికింది.
అమ్మినతను చేత్తో బరువు చూసి ధర చెప్పాడు.

లాషా ఫోన్లో అన్నాడు: డ్రైవరు.
డ్రైవరు మార్చాను. వంతెన దాకా కూడా వెళ్లలేదు.
వేడి, అన్నాడు. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను,
జనవరిలో, కిటికీ తెరిచి, కోటు వేసుకుని.
అరవై రెండు డిగ్రీలు. జ్వరం లేదు.
మెమరీ, అన్నాడు. అది పెట్టి ఇది పీకి,
ఇది పెట్టి అది పీకి
తెల్లార్లూ పరీక్ష నడిపాను.
తప్పులు: సున్నా.
సున్నాకి ఇంత నిర్దయ ఉంటుందని అప్పుడే తెలిసింది.
ఆటను చెరిపి మళ్లీ దించాను.
విండోస్‌ని చెరిపి మళ్లీ ఎక్కించాను.
దిక్కుతోచక ఇల్లు కూడా ఊడ్చాను.

లాగ్ చెప్పేది ఒకటే మాట: అనుకోకుండా ఆగింది.
ఆ సంగతి నాకూ తెలుసు!
కానీ పక్కనే గడియారం ఉంది.
సోమవారం 11:42. మంగళవారం 11:41.
బుధవారం ఏమీ లేదు.
గురువారం 11:44, మళ్లీ 12:20.
ఆదివారం మధ్యాహ్నం ఐదుసార్లు, వరసగా.

పన్నెండు రోజుల అంకెలు గోడకు అంటించి
వాటి ముందు టీ చల్లార్చుకుంటూ కూర్చున్నాను.
జబ్బుకు వారాలు తెలుస్తాయా?
ఏ తీగకు బుధవారం సెలవు?

ఆ రాత్రి ఆట పెట్టాను గాని ఆడలేదు.
గుర్రాన్ని వంతెన మీద నిలబెట్టి
చెవులు మాత్రం తెరిచి కూర్చున్నాను.
తొమ్మిది అంతస్తుల కింద తలుపు.
బూట్ల మంచు దులుపుకున్న చప్పుడు.
తర్వాత (మా గ్లడానీ లిఫ్టుల సంగతి మీకు తెలియదు కదా)
ఇనుప డబ్బాలో ఇరవై తెత్రీల నాణెం
టంగుమని పడింది.
నా నెత్తి మీది గదిలో
ముసలి మోటారు దగ్గి, ఒళ్లు కూడదీసుకుని,
బిల్డింగు కరెంటంతా ఒక్క గుక్కలో తాగింది.
బల్బు రెప్ప వేసింది.
గుర్రం పోయింది.

11:42 అంటే త్సియాలా.
నాలుగో అంతస్తు, ఆసుపత్రి లాండ్రీ, బుధవారం సెలవు.
12:20 టాక్సీ వజా, గిరాకీ ఉన్న రోజున.
ఆదివారం ఐదుసార్లూ గులీకో గారి మనవలు,
చిల్లర ఎవరిచ్చారో గాని, ఊరికే ఎక్కి దిగడం.
నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నా
ఎవరు ఏ వేళకు ఇల్లు చేరతారో నాకు తెలియదు.
దుప్పటి మీద కొన్న సప్లైకి తెలుసు.

లాషా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.
మంచిది కొనుక్కోమన్నాడు. కొంటాను, మార్చి జీతంలో.
అంతవరకు పదకొండు నలభై కాగానే
గుర్రాన్ని వంతెనకు ఇవతలే ఆపి
సేవ్ చేసి, చేతులు తీసేస్తాను.

నిన్న 11:42 అయింది. 11:50 అయింది.
బల్బు రెప్ప వెయ్యలేదు.
గుర్రం తల విదిలిస్తూ నిలబడే ఉంది.
పన్నెండు దాటాక కోటు వేసుకుని
తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదే దిగాను.
త్సియాలా లిఫ్టు ముందు కూర్చుని
సంచీ నేల మీద బోర్లించి వెతుకుతోంది.
కీళ్లు పట్టేశాయట. చిల్లర లేదట.
నా జేబులో ఒక ఇరవై ఉంది.
ఆమె చూస్తుండగా డబ్బాలో వేశాను,
ఇన్నాళ్లూ నన్ను చంపిన ఆ చప్పుడు
నా వేళ్ల నుంచే పుట్టింది.
లిఫ్టు కుదిపి లేచింది.
ఆమె ఏదో చెబుతోంది, దుప్పట్ల గురించి, కొత్త సూపర్వైజరు గురించి.
నేను తల ఊపుతూ
నాలుగో అంతస్తు దాకా ఒకటే ఆలోచించాను:
సేవ్ చేశానా?