వరండా దీపం ఖాతా

అక్టోబరు శనివారం. మిజోరీలో రోలా ఊరు.
ఒకప్పుడు నేనున్న ఇంటికి
పైపు రెంచీ పట్టుకుని వచ్చాను.
గుమ్మం మీద మూడు గ్రీకు అక్షరాలు,
నడిమిదానికి మేకు ఊడి
కాస్త ఒరిగింది, మావాళ్ళలాగే.

ఈ గడప లోపల నా పేరు చెర్రీ.
చెరుకుమిల్లి నోరు తిరగక
మొదటి రాత్రే తరిగి గిన్నెలో వేశారు.
బట్టతల వచ్చినా చెర్రీనే.
పూర్వవిద్యార్థుల కోశాధికారిని కూడా.
కప్పు మరమ్మతుకి చందా అడుగుదామంటే
నా నంబరు చూడగానే
డెంటిస్టులూ లాయర్లూ ఉన్నట్టుండి
కారు నడపడం మొదలుపెడతారు.

వంటింట్లో పాన్‌కేకులు మాడుతున్నాయి.
అంట్లు తోమే వంతుల పట్టీ మీద
ఎవడో తన పేరు కొట్టేసి ఇంకొకడిది రాశాడు.
ఆ విద్య మా కాలం నుంచే ఉంది.

నేలమాళిగలో డెల్మర్ హస్కిన్స్, అరవైమూడు బ్యాచి,
మోకాలి చిప్పలు రెండూ కొత్తవి,
బాయిలరు ముందు బకెట్టు బోర్లించి కూర్చుని
బ్రాక్ అనే కుర్రాడికి
రేడియేటరులో గాలి తియ్యడం నేర్పుతున్నాడు.
"తొందరపడకు. ముందు బుసకొడుతుంది,
తర్వాత ఉమ్ముతుంది,
ఆ తర్వాతే నీళ్ళు."
కుర్రాడి ఒక చెవిలో ఇయర్‌ఫోను,
రెండోది డెల్మర్‌కి ఇచ్చాడు.
మేం ఆ ఒక్క చెవీ ఇవ్వలేదు.

మెట్ల పక్కన గోడంతా పటాలు, ఏడాదికొకటి.
కోడిగుడ్డంత ముఖాలు, టైలు, వరసలు.
అరవైమూడులో అందరూ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటారు.
తొంభైఐదులో నేను, అరువు టైతో,
ఇంటిపేరులో రెండక్షరాలు తప్పుగా.
తొంభైఆరు తర్వాత రెండువేల రెండు.
నడుమ ఏమీ లేదు.

ఫిబ్రవరి రాత్రి అది.
వెస్లీ ఓల్మ్‌స్టెడ్, సెడేలియా దగ్గర పందుల ఫారం వాళ్ళబ్బాయి,
మాలో చేరి పదహారు రోజులు.
ఏ పటంలోనూ లేడు, ఫొటోలవాడు వచ్చేదాకా ఉండలేదు.
ఎవరెంత పోశారో కోర్టు లెక్కగట్టింది.
నేను పోయలేదు.
సోఫాలో పక్కకు తిప్పి, తలకింద దిండు పెట్టి
"పడుకున్నాడు, పొద్దున్నకి లేస్తాడు" అన్నది నేను.
ఆ మాటకి ఏ సెక్షనూ లేదు.

ఇల్లు తెరిచిన ఏడాది నుంచి
ప్రతి అక్టోబరులో పదిహేను డాలర్ల చెక్కు,
వాళ్ళమ్మ ఆర్డిత్ దగ్గర్నుంచి.
అడుగున నీలం సిరా: "వరండా దీపానికి."
మొదటిసారి పొరపాటనుకుని తిప్పి పంపాను.
కొత్త కవరులో అదే చెక్కు మళ్ళీ వచ్చింది.
చందా అనలేను, విరాళం అనలేను,
విడిగా ఒక ఖాతా తెరిచాను.
ఇప్పటికి మూడొందల ముప్పై డాలర్లు.
ఒక్క బల్బు ఎన్నేళ్ళు వెలిగితే తీరుతుంది ఆ సొమ్ము!
ఈ ఏడు ఇంకా రాలేదు.
తేదీ వేసి గడి ఖాళీగా ఉంచాను.

సాయంత్రం మెట్ల మీద
మసి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ బ్రాక్ అడిగాడు,
"ఈ అయిదేళ్ళూ ఎవరూ చదువుకోలేదా?"
చెప్పాను.
దిండు సంగతి కూడా చెప్పాను,
ఎందుకో తెలీదు, నా భార్యకి చెప్పడానికి ఏడేళ్ళు పట్టింది.
వాడు రెండో ఇయర్‌ఫోను కూడా తీసి
జేబులో వేసుకున్నాడు.
"అంబులెన్సు పిలవాల్సింది కదా."

లాయర్లు చుట్టూ తిప్పారు,
పాస్టరు మెత్తగా దుప్పటి కప్పాడు,
ఇంత కాలంలో ఎవరూ
ఇంత తిన్నగా అనలేదు.

"అవును" అన్నాను.

బయట డెల్మర్ నిచ్చెనెక్కుతానంటే
నలుగురు కుర్రాళ్ళు వద్దని పట్టుకున్నారు.
నడిమి అక్షరం ఇంకా ఒరిగే ఉంది.
పైన ఏదో గదిలో రేడియేటరు
ఇంకా బుసకొడుతూనే ఉంది.