జగద్విఖ్యాత

అక్షరానికి నలభై రూపాయలు.
ఒత్తులకు వేరే తీసుకోను,
మా నాయన తీసుకునేవాడు.

కందుకూరులో, పామూరు బస్సులాగే చోట
మాలకొండయ్య అలసంద వడల బండికి
రేకు బోర్డు రాస్తున్నాను.
"పేరుకు ముందర ఒక మాట పెట్టబ్బా,
లోకమంతా ఎరిగినట్టుండాల."

ఉన్నాయి నా దగ్గర అట్లాంటివి.
సుప్రసిద్ధ, ఊరిదాకా.
ప్రఖ్యాత, జిల్లాదాకా.
జిల్లా అంటే గుర్తొచ్చింది,
ఆ మధ్య బోర్డుబోర్డుకూ నిచ్చెనేసి
ప్రకాశం చెరిపి నెల్లూరు రాసింది నేనే.
రాసినందుకిచ్చారు గానీ
చెరిపినందుకు ఎవరూ రూపాయివ్వలా.

"జగద్విఖ్యాత అయితే అయిదక్షరాలు.
ఇన్నూరుకే జగత్తంతా" అన్నాను.
ఇన్నూరంటే ఎన్ని వడలో
వేళ్ళమీద లెక్కేసుకుని, ఊఁ అన్నాడు.

ఈ మాట చాలామందికి రాశాను.
తాయెత్తుల డేరాకు,
ఒక కుక్కా రెండు సైకిళ్ళూ ఉన్న సర్కసుకు.
మూలశంక వైద్యుడొక్కడే సిగ్గుపడ్డాడు,
సందులో బోర్డుకి అంత మాటెందుకని.

ద కింద వ ఒత్తు దించుతుంటే
వెనక దగ్గు.
శేషగిరి అయ్యవారు, సంచితో, బస్సు కోసం.
అబద్ధాలు రాస్తున్నావురా అంటాడనుకున్నా.
"జగత్తంటే ఏందిరా?"
"లోకం సార్."
"కదిలేదిరా. పోతా ఉండేది.
నిలబడిందాన్ని జగత్తనరు."
ఇంకా ఏదో చెప్పబోయాడు, బస్సొచ్చింది.
ఒక చెప్పు చేత్తో పట్టుకుని ఎక్కేశాడు.

కిటికీలన్నిట్లోంచి చేతులు.
పొట్లాలు, చిల్లర, కాలుతున్న పచ్చిమిరపకాయలు,
కదిలిన బస్సు వెంట మాలకొండయ్య పరుగు.
"వడా! ఇటు, ఇటు, వడా!"
పేరు పట్టి పిలిచినోళ్ళు లేరు.
రేపు ఇదే బస్సులో ఇంకెవరో.
వాళ్ళూ చెయ్యి చాస్తారు,
ఈ మలుపు రాకముందే.

త ఒక్కటీ మిగిలింది, రాసేశాను.
కింద మూలన, ఎప్పట్లాగే, సన్న కుంచెతో
నా పేరు, ఫోన్ నంబరు.
ముప్పై ఏళ్ళుగా ఆ పేరుకు ముందర
ఏ మాటా పెట్టుకోలా.
ఆ పూట కాసేపు కుంచె అక్కడే ఆగింది.

ఆరేదాకా ముట్టుకోవద్దన్నాను.
అప్పటికే ఖ్యా మీద
నూనె వేలిముద్ర.