నిమిషానికి నలభై తిప్పులు

యోయెన్సూలో, మా అపార్ట్‌మెంటు అడుగున,
స్కీలూ సైకిళ్లూ లింగన్‌బెర్రీ జామ్ సీసాలూ ఉండాల్సిన గదిలో
ఆ రాత్రి మేం అరవై ఏడుగురం.
ఇనుప తలుపు గొళ్లెం బిగించింది నేనే.

బయట మైనస్ ఇరవై రెండు.
దుప్పట్లు తెచ్చుకోమని నోటీసు రాసిందీ నేనే.
తెచ్చారు పాపం, తలా రెండు.
మూడో గంటకల్లా అవన్నీ పిరుదుల కిందికి చేరాయి.
భూమి కింద చలికి చావరెవరూ,
పక్కవాడి వెచ్చదనానికి ఉక్కిరిబిక్కిరవుతారు.

శిక్షణలో చెప్పారు:
ఊరికే కూర్చున్న మనిషి నూరు వాట్ల బల్బు.
అరవై ఏడు బల్బులు.
ఆర్పడానికి ఒక్క స్విచ్చూ లేదు.

గోడలకు చెవులుంటాయంటారు,
మా గోడకు చెమట కూడా పట్టింది.
వేలితో తుడిచి చూశాను.
ఎవరి ఊపిరో ఇది.
కారు హీటరు స్తంభం దగ్గర తగువుపడి
ఆరేళ్లుగా మాటల్లేని క్యోస్తిదీ ఆర్మాస్‌దీ
ఒకే చుక్కై నా మోచేతి దాకా జారింది.

పదకొండుంపావుకి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగాక గానీ తెలియలేదు
ఇంతసేపూ అది మా అందరి తరఫునా మాట్లాడుతోందని.

ఇక చేతిపిడి.
నిమిషానికి నలభై తిప్పులు, మనిషికి పావుగంట.
ఇసుక ఫిల్టరు గుండా దగ్గుతూ వచ్చేది గాలి,
తడిసిన ఉన్ని వాసనతో.

మూలన ప్లాస్టిక్ తెర.
తెర వెనక నాలుగు బకెట్లు, నల్లసంచులు,
పీట్ మట్టి బస్తా, అందులో ఒక గరిట.
నాలుగు గంటలు గడిచినా
అటు వెళ్లినవాళ్లు లేరు.
పిల్లలు కాళ్లు మెలిపెట్టుకుని పేకాడారు.
పెద్దలు మర్యాదగా నీళ్లు వద్దన్నారు.

చివరికి లేచింది సిల్వి, ఎనభై ఒకటి,
కర్ర తాటించుకుంటూ.
"నాకేం సిగ్గు, ముగ్గుర్ని కన్నాను" అంది.
తెర పడగానే
గది మొత్తం చెవైపోయింది.

పిడి దగ్గర అప్పుడు ఆర్మాస్ ఉన్నాడు.
తల ఎత్తలేదు.
నలభై నుంచి యాభైకి పెంచాడు,
అరవైకి.
ఇనుము గుర్రుమంది, గొట్టం గర్జించింది,
ఆ మోతలో ఇంకేమీ వినపడలేదు.

అక్కణ్ణుంచి అదే పద్ధతి, ఎవరూ చెప్పకుండానే.
తెర కదిలితే చాలు
పిడి దగ్గర ఎవరున్నా చెయ్యి వేగం అందుకునేది.
క్యోస్తి వెళ్లినప్పుడు
తిప్పుతున్నది మళ్లీ ఆర్మాసే.
నేను చూశాను. పళ్లు బిగపట్టి తిప్పాడు.

రెండింటికి థర్మామీటరు ముప్పై నుంచి
ఇరవై ఆరుకు దిగింది.
నా పుస్తకంలో కారణం అని ఒక గడి ఉంది.
సిగ్గు అని రాసి, కొట్టేసి,
గాలి బాగా ఆడింది అని రాశాను.

సైరన్ ఎందుకు మోగిందో
ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు.
తెల్లవారి తలుపు తీస్తే
చలి లోపలికి దూకింది కుక్కపిల్లలా.
అందరూ మంచులో నిలబడి
నోటివెంట పొగలు వదులుతూ, ఎవరి పొగ వారిదే,
ఇళ్లకు పోయారు.
క్యోస్తి, ఆర్మాస్ పలకరించుకోలేదు.

నేను మిగిలాను,
మూతి కట్టిన పదకొండు సంచులతో.
చివరి పేజీలో రాసుకున్నాను:
పీట్ ఇంకో బస్తా కావాలి.
పిడికి నూనె వెయ్యొద్దు.