తరుగు

నిండు లారీ కాటా ఎక్కుతుంది, అంకె రాసుకుంటాను.
దుంపలు గుట్టపోసి ఖాళీగా తిరిగొస్తుంది,
మళ్లీ రాసుకుంటాను.
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే రైతు కష్టం.
అందులోంచి ఇంకా మట్టి పోవాలి.
లోడుకో సంచెడు దుంపలు ల్యాబుకి వెళ్తాయి,
కడిగి, ఎంత మట్టి వదిలిందో చీటీ పంపుతారు.
అది తరుగు.
ఈ రెడ్ రివర్ లోయలో ఇరవై రెండేళ్లుగా
నా పని ఈ తీసివేతలే.

ఇప్పుడు మార్చి. కోతలు ఎప్పుడో అయిపోయాయి.
గుట్టల్లో గడ్డకట్టిన దుంపల్ని ఫ్యాక్టరీకి మోసే బళ్లు
రాత్రికి పదో, పన్నెండో.
థోరా పుస్తకాలు తెచ్చుకుని నా కాటా గదిలోనే కూర్చుంటోంది.
ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదని సాకు.

మూడు కాలేజీలు.
ఫార్గోలోది రమ్మంది,
మార్కులు జారకపోతే ఏడాదికి తొమ్మిది వేలు తగ్గిస్తానంది.
విస్కాన్సిన్‌లోది పద్దెనిమిది వేలంది.
దాని అసలు ధర చూశాక నాకు చెవులు గింగురుమన్నాయి.
ముందే మట్టి కలిపి తూచి
తర్వాత తరుగు తీశామని మురిపించే తూకం అది.
నేనా పని చేస్తే ఉద్యోగం ఊడుతుంది.
మూడోది ఇంకా ఏమీ అనలేదు.
దీనికి కావలసింది ఆ మూడోదే.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఆరింటికి చెబుతారట.
నిమిషంతో సహా చెప్పారు,
ఏం చెబుతారో తప్ప.

ఈలోపు రైతుల సహకార సంఘం వాళ్ల స్కాలర్‌షిప్ ఫారం.
"మీరు దాటొచ్చిన ఒక కష్టం గురించి
ఆరువందల మాటల్లో రాయండి."
చాలాసేపు పెన్ను కొరికింది.
"నాన్నా, నీ వేలు రాసుకోనా?"

ఎడమచేతి ఉంగరం వేలు. కన్వేయర్ బెల్టు తీసుకుంది.
అప్పుడు దీనికి ఆరేళ్లు.
"అది నా కష్టం కదే," అన్నాను.
"ఆ చలికాలమంతా నీ బూట్ల లేసులు కట్టిందెవరు?"
నిజమే. రెండేసి ముళ్లు వేసేది,
రాత్రిళ్లు అవి విప్పుకోలేక బూట్లతోనే పడుకున్నాను కొన్నిసార్లు.
"సరే, రాసుకో. వేలికి ఎంతిస్తారేం?"
"రెండు వేలు."
ఒక్క వేలికి రెండు వేలు!
పగలబడి నవ్వాం.
ముందు దాని నవ్వే ఆగింది.

రాసింది. పేజీ తిప్పి ఇంకా రాసింది.
అర్ధరాత్రి దాటాక గీతలు కొట్టే చప్పుడు,
కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా.
నేను చీటీలు సర్దుతున్నట్టు నటించాను.

రెండున్నరకి, బళ్లు లేని వేళ,
కోటూ టోపీతో వెళ్లి కాటా మధ్యలో నిలబడింది.
"ఎంతున్నాను?"
తెర మీద నూట నలభై.
"అబద్ధం. అంత ఉండను."
మా కాటా ఇరవయ్యేసి పౌన్ల అడుగులే వేస్తుంది,
ఆ లోపలి ఎక్కువ తక్కువలు దానికి పట్టవు.
"అంతకంటే దగ్గరగా చెప్పడం దీనికి రాదమ్మా," అన్నాను కిటికీలోంచి.
"లారీల కోసం చేసింది."

దిగలేదు.
అంత పెద్ద ఇనప పలక మీద, అంత చలిలో,
ఎవరో ఇంకోసారి చూసి చెబుతారన్నట్టు.

దూరాన ఓర్విల్ బండి దీపాలు. హారన్.
పక్కకి జరిగింది. తెర సున్నాకి వచ్చింది.
బండెక్కింది. అంకె రాసుకున్నాను.

ఇరవై ఎనిమిది శుక్రవారం. ఆరింటికి నాకు డ్యూటీ.
మార్చుకోమని ఓర్విల్‌ని నేను అడగలేదు,
అడగమని అదీ అనలేదు.

తెల్లారి అది కుర్చీలోనే నిద్రపోతుంటే
ఫారం చూశాను. చూడకూడదని తెలుసు.
అన్నీ కొట్టేయగా ఒక్క వాక్యం మిగిలింది:
"మా నాన్న బూట్లకి నేను రెండేసి ముళ్లు వేసేదాన్ని."
వేలు ఊసే లేదు.
అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. ఏడు మాటలు.
ఇంకా ఐదువందల తొంభైమూడు కావాలి.