పనిచేసే చెవి

బర్మా బజార్లో బేరమాడి కొన్నాను,
అగ్గిపెట్టెకి అన్నలాంటి దాన్ని.
పాతిక పాటలకే దాని కడుపు నిండిపోయేది.
ఇరవయ్యారోది ఎక్కాలంటే ఒకటి దిగాలి.
ఆ దిగేదేదో తేల్చుకోలేక
ట్రిప్లికేన్ మేన్షన్లో, అరువు కంప్యూటర్ ముందు
ఆదివారాలు తెల్లారిపోయేవి.

పెన్సిల్ సెల్లు సరిగ్గా చరణం మధ్యలో చచ్చేది.
తీసి, పంటితో నొక్కి, చొక్కాకి రుద్ది పెడితే
మాంబళం నుంచి సైదాపేట దాకా బతికేది, అంతే.
మేలో నా చెమట తాగి
ఎడమ చెవిది ఎప్పుడో పోయింది.

ఓ సాయంత్రం తాంబరం లోకల్లో
"ఏంటి వింటున్నావ్?" అంది హిమజ.
పనిచేసేది తనకిచ్చి
పనిచేయనిది నేను పెట్టుకున్నాను.

వరస మార్చడం చేతకాని యంత్రం.
అందుకే నాకు తెలుస్తూనే ఉంది:
కిటికీ ఊచ మీద తన వేళ్లు ఆగాయి, ఏడోది అయిపోయింది.
గిండీ దాటాక కళ్లు మూసుకుంది, ఎనిమిదోది, వేణువు.

"ఇది బావుంది కదా?"
"చాలా" అన్నాను
చక్రాల చప్పుడు వింటూ.

పల్లావరం దగ్గర
నా గుప్పిట్లో నీలిదీపం ఆరిపోయింది.
నేను చెప్పలేదు.
తనూ అడగలేదు.
ఊచ మీద తాళం మాత్రం
క్రోంపేట వచ్చినా ఆగలేదు.