పొలుసు

అమెజాన్ సముద్రంలో కలిసేచోట
దీవుల మధ్య మా కోర్టు పడవ మీద తిరుగుతుంది.
పై అంతస్తులో ఊయలలు, కింద న్యాయం,
మధ్యలో వంటగదిలోంచి వేగిన చేప వాసన.
నేను గుమాస్తాని.
నా పని టైపు చేయడం, పోటు వేళలు చూసుకోవడం.
నీళ్ళు తీసేలోగా వాదనలు ముగియాలి,
లేదంటే చట్టం తెల్లారేదాకా బురదలో కూర్చుంటుంది.

జడ్జి ఇవొనేచి గారికి అలలు పడవు.
అల్లం ముక్క బుగ్గన పెట్టుకునే వింటారు.

ఆ రోజు రంపపు మిల్లు యజమాని అరిస్తెవు
తన కుర్చీ తానే తెచ్చుకున్నాడు,
తోలు మెత్తలు, చెక్కిన చేతులు,
ఇద్దరు కూలీలు తలమీద మోసుకొచ్చారు.
జడ్జి గారు పెన్సిలుతో గట్టు చూపించారు:
"దాన్ని అక్కడ వదిలి రండి."
నీలం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు,
జెనోబియా పక్కనే. ఆమెదీ నీలమే,
కాకపోతే దానికి ఒక కాలు సొట్ట.

తగువు పదకొండు అసాయి చెట్లది.
అతని దగ్గర పటం ఉంది, ముద్రలున్నాయి, పట్నం వకీలున్నాడు.
ఆమె దగ్గర ఎక్కీ ఎక్కీ కాయలు కాచిన పాదాలున్నాయి.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
ఆమె చెబుతున్న నలభై నిమిషాలూ
అతను గడియారం చూసుకున్నాడు గాని
నోరు తెరవలేదు. తెరవనివ్వలేదు జడ్జి గారు.
ఆ దీవిలో అలాంటి నలభై నిమిషాలు
అంతకుముందు నేనైతే వినలేదు.

చివర్న వాంగ్మూలం చదివి వినిపించాను.
"నా భర్త నాటిన చెట్లు..."
"ఆగు," అంది. "నాటింది నేను.
ఆయన గొయ్యి తవ్వాడు. అదీ రెండింటికే."
కొట్టేసి మళ్ళీ టైపు చేశాను.
ఆ ఒక్క పేజీకి ప్రింటరు మూడుసార్లు మొరాయించింది.

తీర్పులో ఆమెకు నాలుగు చెట్లొచ్చాయి.
ఏడు రాలేదు.
ఇది న్యాయమేనా అని నన్నడక్కండి,
నేను గుమాస్తాని.
పైకోర్టుకు వెళ్తానంది. ఎంత పైన ఉంటుందని అడిగింది.
నదికి ఎగువన, రెండు రోజుల ప్రయాణం, అన్నాను.
అంతేనా, అంది.

వేలిముద్ర వేసింది.
బొటనవేలి నుంచి ఒక చేప పొలుసు
సిరాతోబాటు కాగితానికి అంటుకుపోయింది.
గీకేద్దామని గోరు ఎత్తాను.
నీళ్ళు తీస్తున్నాయి, సరంగు గంట కొడుతున్నాడు.
అలాగే ఫైల్లో పెట్టేశాను.
"నాటింది నేను" అన్న మాట కింద
అది కూడా పైకి వెళ్తుంది.