పోటూ పాటూ

ప్రశ్నాపత్రంలో పదకొండోది:
"ఆలోచించకముందే పని చేసేస్తాను."
చదవడం పూర్తికాకముందే టిక్కు పెట్టేశాను.
మోరీన్ టాటర్సాల్ కళ్ళద్దాల మీంచి చూసి
నవ్వాపుకోలేక దగ్గింది.
ఆ గదిలో మొదటిసారి నిజం చెప్పింది
నా పెన్నే.

మోర్‌కంబ్‌లో, సముద్రానికి ఎదురుగా,
ఒకప్పటి లాడ్జి, ఇప్పుడు మా క్లినిక్కు.
పొద్దున తొమ్మిదికి ఓట్స్ జావ,
పన్నెండున్నరకి అందరం ఒకే బల్ల.
పక్కవాళ్ళ కంచం వంక చూడకూడదని రూలు.
అందరం చూస్తాం.

నాకిది రెండోసారి.
పోయినేడు నాలుగో వారంలో
సూపు సగంలో ఉండగా లేచి
కోటైనా తీసుకోకుండా
హేషమ్ పోయే బస్సెక్కేశాను.
కోపం లేదు, ఎవరూ ఏమీ అనలేదు,
కిటికీలోంచి బస్సు కనబడింది, అంతే.
ఫైల్లో రాశారు: "చికిత్స మధ్యలో మానివేత."
ఎంత మర్యాదైన మాట.
ఆ రాత్రి ఫ్రిజ్ వెలుగులో నిలబడే తిన్నాను,
రుచి వచ్చేలోపే మింగుతూ.
తర్వాత బాత్‌రూమ్ చల్లటి నేల.
అంతకన్నా చెప్పను.

నా చెయ్యి ఎప్పుడూ నాకన్నా ముందు పుట్టినట్టుంటుంది.
ఉద్యోగం మానేసింది అదే, ఒక్క మెసేజిలో.
రాత్రి రెండింటికి జుట్టు కత్తిరించింది అదే.
ఈత రాని నాకోసం వేలంలో పడవ కొన్నదీ అదే
(ఇంకా గ్యారేజీలో ఉంది, అమ్మబోతే మనసొప్పదు).
సంగతి నాకు తెలిసేది ఆఖర్న,
పేపర్లో చదివినట్టు.

పక్క కుర్చీ నీవ్‌ది.
బఠాణీల్ని కూడా వరసలో నిలబెడుతుంది.
ఆమె గ్రాఫు మెట్లెక్కే ముసలమ్మ,
గోడ పట్టుకుని, ఆగి ఆగి, పైకే.
నాది గోడమీద బల్లి.
"నీ తొందర కాస్త నాకివ్వు" అంది ఓసారి,
"ఒక్క ముద్ద ఆలోచించకుండా తినాలనుంది."
ఇవ్వగలిగితే బస్తాలకొద్దీ ఇద్దును.

నేను బాగవుతానా అనడిగితే మోరీన్ దాచలేదు.
"నీలాంటివాళ్ళు మధ్యలో లేచిపోవడం ఎక్కువ.
మందు పనిచెయ్యక కాదు,
పనిచేసేదాకా కూర్చోరు."
జేబులోంచి టైమర్ తీసి నా ముందు పెట్టింది,
కోడిగుడ్డు ఆకారం, పసుపు రంగు పెచ్చులూడుతూ.
పదిహేను నిమిషాలు.
తినొద్దనీ లేదు, లేవొద్దనీ లేదు.
గుడ్డు మోగాక నీ ఇష్టం.

ఆలస్యం అమృతం విషం అని
పలక మీద దిద్దినదాన్ని నేను.
ఇక్కడ ఆలస్యాన్నే మోతాదు కట్టి
రోజుకు మూడుసార్లు పట్టిస్తున్నారు.
చేదుగానే ఉంది.
అయినా అమృతం రుచి ఎవరు చూశారు గనక.

మొదటివారం తొమ్మిదిసార్లు మోగనివ్వలేదు.
ఓసారి గోడకేసి కొట్టాను.
పగల్లేదు. నేలమీద పడి
టిక్కు టిక్కుమంటూనే ఉంది, సిగ్గులేకుండా.

ఇక్కడి సముద్రం మైళ్ళకొద్దీ వెనక్కి పోతుంది.
ఇసుకను నమ్మి నడిచేవాళ్ళకి
ఎర్రక్షరాల బోర్డు: నీరు మీకన్నా వేగం.
నా గురించే రాశారనుకునేదాన్ని.
నిన్న సాయంత్రం రెయిలింగు పట్టుకుని
గుడ్డు తిప్పి నిలబడ్డాను.
బయట పోటు.
లోపలా పోటే, గొంతుదాకా, వేళ్ళకొసలదాకా.

నిజాంపట్నం రేవులో, మా నాన్న
ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాసే రోజుల్లో,
పడవలవాళ్ళు నీరు తీసే వేళని పాటు అనేవాళ్ళు.
పోటొచ్చిందంటే పాటొస్తదిలే, అని చుట్ట ముట్టించేవాళ్ళు.
చిన్నప్పట్నుంచీ నన్ను తిట్టిన మాట,
తొందరపాటు,
దాని తోకలోనే ఆ పాటు ఉందని
పదకొండో నిమిషంలో తట్టింది.
వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో.
నాకు మాత్రం దానితో
మిగిలిన నాలుగూ గడిచాయి.

గుడ్డు మోగింది. ఎవరిదో కుక్క ఉలిక్కిపడి మొరిగింది.
సముద్రం ఇంకా తియ్యలేదు.
నాలో కొంచెం తీసింది,
మడమలు కనబడేంత.

ఇంటికెళ్ళి ఏం చేశానో రేపు బల్ల దగ్గర చెప్తాను.
బస్సొచ్చింది.
ఎక్కలేదు.
తర్వాతది ఎక్కాను.